పాత మినీ ట్రక్కు: రంగు కాదు, ఛాసిస్ చూడాలి
2005లో టాటా ఏస్ మార్కెట్‌లోకి వచ్చిన తరువాత కూరగాయలు, పాల క్యాన్ల వంటి తేలికపాటి సరుకుల రవాణా చాలావరకు మినీ ట్రక్కుల చేతికి వచ్చింది; అయితే పాత బండి కొనేవారు తళతళలాడే కొత్త రంగునూ, మీటరులోని కిలోమీటర్లనూ చూసి ధర ఖాయం చేసుకోవడం విచారకరం, ఎందుకంటే మార్చడానికి సులువైనవి ఆ రెండే. సుమారు ముప్పావు టన్ను మోయడానికి తయారైన బండితో ఏళ్ల తరబడి పరిమితికి మించి ఇసుకో, సిమెంటో మోయిస్తే, ఆ భారం మొదట కమాన్ కట్టల మీద, అంటే ఇరుసుపై బరువును కాచే ఉక్కు పట్టీల దొంతరల మీద, తరువాత ఛాసిస్ మీద ఆనవాళ్లు మిగులుస్తుంది. కాబట్టి బండి కిందికి దూరి, కమాన్లు బిగించిన చోట పగుళ్లు, వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో టార్చిలైటుతో వెతకడం అన్నిటికంటే ముఖ్యం. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసినప్పుడు పొగ గుప్పున ఎగజిమ్మితే, పిస్టన్ రింగులు అరిగి సిలిండరులోని వాయువు కిందికి జారుతోందని అనుమానించాలి. రవాణా వాహనం రోడ్డెక్కడానికి యోగ్యమని తెలిపే ఫిట్‌నెస్ ధ్రువపత్రాన్ని ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా తీసుకోవాలి గనుక దాని గడువు చూసుకోవాలి. ఆర్సీపై ఫైనాన్స్ సంస్థ పేరు ఇంకా ఉంటే, అప్పు తీరినట్లు ఆ సంస్థ సంతకం చేసిన ఫారం 35 చేతికందేవరకు పూర్తి సొమ్ము చెల్లించకూడదు.