ధర అడుగంటిందా? హక్కు అడుగంటుతోందా?

ముంబయిలో ఇళ్ల ధరలు పడిపోతున్నాయన్న మాట వినవచ్చినప్పుడల్లా బోధన్, మద్నూర్, జుక్కల్ మొదలుకొని అటు ధర్మాబాద్, దెగ్లూర్ దాకా మన సరిహద్దు పల్లెల్లో ఒకే చర్చ సాగుతుంది. ఉన్న ఖోలీని ఇప్పుడే అమ్మాలా, ఆగాలా? కొనదలచినవారు ఇప్పుడే కొనాలా, ఇంకా పడేదాకా వేచివుండాలా? ధర అడుగును తాకిందా లేదా అన్నదే ఈ చర్చకు మూలం. కామాఠిపురాలోనో, వర్లీ చాళ్లలోనో తాతల నాటి గది ఒకటి మిగిలివున్న కుటుంబాలకు ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు. ఆడపిల్ల పెళ్లి, అప్పు తీర్చడం, రెండెకరాల పొలం దీనితోనే ముడిపడి ఉన్నాయి.

మూడు పతనాలు చెప్పిన పాఠం

గడచిన మూడు దశాబ్దాల్లో ముంబయి ఈ ప్రశ్నను మూడుసార్లు ఎదుర్కొంది. ఆర్థిక సరళీకరణ తర్వాత ఎగసిన ధరలు 1995 ప్రాంతంలో శిఖరానికి చేరాయి. నారిమన్ పాయింట్ కార్యాలయాల అద్దెలు అప్పట్లో ప్రపంచంలోనే అత్యధికమైన వాటి సరసన నిలిచాయి. ఆ తర్వాత మొదలైన పతనం ఏళ్ల తరబడి సాగింది. ‘ఇదే అడుగు’ అని నమ్మి మధ్యలో కొన్నవారు మళ్లీ అసలు చూడడానికి చాలాకాలం నిరీక్షించవలసి వచ్చింది. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ సంస్థ కుప్పకూలిన తర్వాత వచ్చిన పతనం ఇందుకు భిన్నం. మరుసటి ఏడాదికే ధరలు కోలుకున్నాయి. ఇంకా పడుతుందని ఆగినవారు అవకాశం జారవిడుచుకున్నారు.

మూడవది 2020 నాటి కరోనా కాలం. రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతానికి తగ్గించింది. మహారాష్ట్ర ప్రభుత్వం స్టాంపు సుంకాన్ని 2020 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా 5 శాతం నుంచి 2 శాతానికి కుదించింది. ఆ డిసెంబరులో రిజిస్ట్రేషన్ కార్యాలయాలు కిటకిటలాడాయి. ముందు కదిలింది అమ్మకాల సంఖ్య. ధరలు ఆ వెనుక కదిలాయి. కనుక అడుగు ఎక్కడుందో దలాలు నోటి మాట చెప్పదు. రిజిస్ట్రేషన్ల లెక్క, వడ్డీ రేటు, అమ్ముడుపోని ఇళ్ల సంఖ్య కొంతవరకు చెబుతాయి. అయినా అడుగును దాటిపోయాకే అది అడుగని తెలుస్తుంది.

ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. పది లక్షల ఆస్తి ఆరు లక్షలకు పడితే నష్టం 40 శాతమే. కాని తిరిగి పది లక్షలు కావడానికి దాదాపు 67 శాతం పెరగాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెచ్చి కొన్నవారికి నెలకు ఇరవై వేలు, రెండేళ్లకు నాలుగు లక్షల ఎనభై వేలు వడ్డీయే అవుతుంది. సరిగ్గా అడుగున కొన్నా అప్పు ఆ లాభాన్ని మింగివేస్తుంది.

మన ఖోలీ లెక్క వేరు

పై పాఠాలన్నీ సొంత ఫ్లాట్లకు వర్తించేవి. మనవారిలో చాలామంది చేతిలో ఉన్నది పగిడీ గది. 18వ శతాబ్దం చివర నిజాం రాజ్యం నుంచి వెళ్లి బొంబాయి నిర్మాణంలో చెమటోడ్చిన తెలుగు కూలీలను కామాఠీలనేవారు. వారి పేరే ఆ పేటకు స్థిరపడింది. అక్కడి గదిలో మనది యాజమాన్యం కాదు, కిరాయి హక్కు మాత్రమే. 1947 నాటి అద్దె నియంత్రణ చట్టం పుణ్యమా అని కిరాయిలు నామమాత్రంగా నిలిచిపోయాయి. మరమ్మతు చేస్తే గిట్టదని మాలిక్‌లు చేతులెత్తేశారు. భవనాలు శిథిలమయ్యాయి. పగిడీ లావాదేవీకి చట్టబద్ధత దక్కింది 2000 మార్చి 31న అమలులోకి వచ్చిన మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టంతోనే. హక్కును బదిలీ చేసినప్పుడు వచ్చే సొమ్ములో మూడో వంతు వరకు, కొన్నిచోట్ల అంతకు మించి మాలిక్‌కు ముట్టజెప్పడం వాడుక. ముప్పై లక్షలకు అమ్మామంటే ముప్పై లక్షలూ మన చేతికి వస్తాయనుకోరాదు.

రెండు వాదాలు

కామాఠిపుర విషయంలో రెండు వాదాలు వినిపిస్తున్నాయి. అడుగు దాటిపోయిందనేది మొదటిది. సుమారు 34 ఎకరాల ఈ ప్రాంతాన్ని సమూహ పద్ధతిలో పునర్నిర్మించడానికి 2023లో ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఎనిమిది వేల పైచిలుకు కిరాయిదారులు ఈ పథకం పరిధిలోకి వస్తారు. 2025లో మ్హాడా టెండర్లు కూడా పిలిచింది. నూరు, నూటయాభై అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల ఇల్లు వస్తుందన్నప్పుడు ధర ఇక ఎందుకు తగ్గుతుందని వీరి ప్రశ్న.

రెండవ పక్షం దీనిని దింపుడు కళ్లం ఆశ అంటోంది. వందలాది మాలిక్‌లున్న చోట ఒప్పందం కుదరడం తేలికా? వర్లీ బీడీడీ చాళ్లనే చూడండి. అక్కడ స్థలం ప్రభుత్వానిదే. అయినా 2017 ఏప్రిల్‌లో భూమిపూజ జరిగితే తొలి విడతగా 556 కుటుంబాల చేతికి తాళంచెవులు అందింది 2025 ఆగస్టులో. ఎనిమిదేళ్లు! కామాఠిపురకు ఎన్నేళ్లు పట్టాలి?

రెండు వాదాల్లోనూ నిజముంది. కాని రెండూ ధరనే చూస్తున్నాయి, హక్కును చూడడం లేదు. పథకం ఖాయమవుతున్నకొద్దీ సరైన కాగితం ఉన్నవారి గది విలువ పెరుగుతుంది. కాగితం లేనివారి గది విలువ సున్నాకు జారుతుంది. ఒకే అంతస్తులో పక్కపక్కనున్న రెండు ఖోలీలకు రెండు వేర్వేరు అడుగులు!

ఆగితే పోయేది ఏమిటి?

ఊళ్లో ఉండి మంచి ధర కోసం గదికి తాళం వేసి కూర్చున్నవారు చట్టంలోని రెండు అంశాలను తెలుసుకోవాలి. తగిన కారణం లేకుండా ఆరు నెలలు ఏకధాటిగా గదిని వాడకుండా ఉంచితే ఖాళీ చేయించమని మాలిక్ దావా వేయవచ్చు. ఇక కిరాయిదారు మరణిస్తే, ఆ నాటికి ఆయనతో కలిసి అక్కడ నివసిస్తున్న కుటుంబ సభ్యునికే ఆ హక్కు సంక్రమిస్తుంది. అలాంటివారు లేనప్పుడే మిగతా వారసుల మాట. పొలంలో ముగ్గురన్నదమ్ములకూ సమాన వాటా ఉన్నట్లే ఖోలీలోనూ ఉంటుందని మనవారనుకుంటారు. బొంబాయిలో తండ్రి దగ్గరున్న తమ్ముడికి దక్కి, ఊళ్లో సేద్యం చేసిన అన్నకు దక్కకపోవడంతో రక్తసంబంధాలే తెగిపోతున్నాయి.

కాబట్టి ధర అడుగును వెదికే ముందు భాడా పావతీ ఎవరి పేరున ఉందో వెదకాలి. తాత పేరునే ఉండిపోతే పెద్దలు బతికుండగానే మార్పించుకోవాలి. అన్నదమ్ముల ఒప్పందాన్ని న్యాయవాది చేత రాతపూర్వకంగా రాయించుకోవాలి. కిరాయి బాకీ పడకుండా, కరెంటు బిల్లు, రేషన్ కార్డు వంటి నివాస ఆధారాలు చెదరకుండా చూసుకోవాలి. కొనేవారు మాలిక్ సమ్మతి లేని వట్టి స్టాంపు కాగితాన్ని నమ్మి ఎకరం అమ్మిన డబ్బు పోయరాదు. ఇవన్నీ సరిగా ఉన్నవారికి, మెడ మీద అప్పు లేకపోతే, ఆగడం నష్టం కాదు. ఇవి లేనివారికి మాత్రం ధర ఎంత పెరిగినా ఒరిగేది ఏమీ ఉండదు.