ఆక్షేపణకు లెక్కయే సమాధానము

నిర్మాణాత్మకమైన పత్రికారచన యనగా అధికారులను పొగడుట యని కొందఱు, చదువరికి నచ్చని మాట వ్రాయకుండుట యని మఱికొందఱు తలంచుచున్నారు. ఈ రెండును మాకు సమ్మతములు కావు. అది యెట్లుండవలెనో మన సీమవారే యొకరు చేసి చూపియున్నారు.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరమున, నేటి గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించిరి. 1926 మే 10వ తేదీన హైదరాబాదులో గోలకొండ పత్రికను, వారమునకు రెండుమారులు వెలువడునట్లు, స్థాపించిరి. కచేరీలలో ఉర్దూ చెల్లుబడియైన నిజాం రాజ్యమున తెలుగు పత్రిక నడపుటయే సాహసము. అందు వెట్టిచాకిరిని గూర్చియు, గ్రామాధికారుల దౌర్జన్యములను గూర్చియు వ్రాయుట మఱింత సాహసము. అయినను మాకు ముఖ్యముగా జ్ఞప్తికి వచ్చునది వేఱొకటి. తెలంగాణమున తెలుగు కవులు లేరని యొకరు ఆక్షేపింపగా, ప్రతాపరెడ్డిగారు దూషణకు దూషణ చేయలేదు. పలు తావులనుండి పద్యములు రప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేయించిరి. ఆక్షేపణ అంతటితో సరి. 1952లో వనపర్తివారు వారిని శాసనసభకు ఎన్నుకొనిరి.

ఆ పద్ధతి కవులకే గాక ప్రత్తివిత్తనములకును చెల్లును. గద్వాల ప్రాంతమున సంకర ప్రత్తివిత్తనము పండించు రైతు సాయంకాలము ఆడమొక్కల మొగ్గలనుండి రేకులను, పుప్పొడితిత్తులను తీసివేయవలెను. మఱునాటి యుదయము మగపూల పుప్పొడి అద్దవలెను. క్రాసింగు ఇట్లు దినదినము సాగవలెను. పెట్టుబడి ఆర్గనైజరు ఇచ్చును; ధర కంపెనీ నిర్ణయించును. తుదకు మచ్చువిత్తనమును మొలిపించి, మొక్కలు పెంచి, జాతిశుద్ధి పరీక్షింతురు. ఫెయిలు అను ఒక్కమాట వచ్చెనా, రైతునకు రావలసిన సొమ్ము నిలిచిపోవును. వడ్డీ మాత్రము నిలువదు.

ఇట్టి వార్త పత్రికలలో రాకపోలేదు. రైతులు రోడ్డుమీద బైఠాయించిన దినమున వచ్చును, మఱునాడు మఱపునబడును. మన పత్రిక చేయదగిన పని వేఱు. ఏ గ్రామమున ఎందఱు విత్తిరి, మాటయిచ్చిన ధర యెంత, వ్రాతమూలకమైన ఒప్పందము కలదా, మచ్చు రైతు యెదుట తీసి ముద్రవేసిరా, ఫలితము ఏనాడు తెలిపిరి, సొమ్ము ఏనాడు చేతికి వచ్చెను అని గ్రామవారీగా వ్రాయవలెను. రైతు తప్పినచోట అదియు వ్రాయవలెను: అద్దని పూవులను త్రెంపకపోవుట, మగమొక్కల ప్రత్తిని వేఱుగా నుంచకపోవుట, అన్నిటికంటె ఘోరముగా, పిల్లలను బడి మాన్పించి క్రాసింగునకు పంపుట. ఈ చివరిమాట కొందఱు సభ్యులకు కష్టముగా నుండును. ఉండనిండు, మన తప్పు దాచినచో మన లెక్కను కంపెనీవారేల నమ్ముదురు?

వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు వేరుసెనగ వేయువారికి, మార్కెట్టు యార్డులో తేమ పేరిట కోతపడినప్పుడును ఇట్టి లెక్కయే కావలెను.

రాబోవు సంచికలో రెండు పుటలు దీనికి విడువవలసినదని సంపాదకవర్గమును కోరుచున్నాము. సభ్యులు తమ తూకపుచీటీలను, పరీక్షాఫలితపు కాగితములను పారవేయక, సంఘ కార్యదర్శియొద్ద నకళ్లు ఉంచుదురుగాక. కంపెనీవారి సమాధానము వచ్చినచో దానిని కూడ అదే పుటలో, అదే పరిమాణపు అక్షరములతో అచ్చువేయవలెను.