వయసు మీదికి నెట్టేసిన నొప్పి

సాలూరు వైపు మహిళా సంఘం మీటింగు ఎక్కడ పెట్టినా, అరవై దాటినవాళ్ళు కింద కూర్చోలేక గోడకి చేరగిలబడతారు. ఏమైందంటే "వయసొచ్చీసింది కదమ్మా, ఏటి సేస్తాం" అంటారు. డాక్టరు చెప్పిందీ, కొడుకు చెప్పిందీ అదే మాట. ఆమె ఇన్నేళ్ళుగా ఏ నీళ్ళు తాగిందని మాత్రం ఎవరూ అడగరు. ఇక్కడి నొప్పులన్నిటికీ ఫ్లోరైడే కారణమని నేననడం లేదు. నీళ్ళు పరీక్షించకుండా "కాదు" అనే హక్కు ఎవరికీ లేదంటున్నాను.

అడగకపోతే ఏమవుతుందో నల్గొండ చూపించింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే గుర్తించారు. నల్గొండ గురించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. అయినా మర్రిగూడ వంటి చోట్ల ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు జనం అవే నీళ్ళు తాగి వంగిపోయారు.

ఫ్లోరైడుకి రంగు లేదు, వాసన లేదు. నీళ్ళు కాచితే పోదు. ఒంట్లో నిలిచిపోయినదంతా దాదాపుగా ఎముకల్లోనే పేరుకుంటుంది. కాన్పు మీద కాన్పు, అందరూ తిన్నాక మిగిలిన కూడు, ముట్లు ఆగాక తగ్గే ఎముక బలం: వీటన్నిటి మీదా ఈ దెబ్బ. పోషణ లేని ఒంటికి అది మరీ ఎక్కువ.

కాల్షియం బిళ్ళలు చాలవా? 1990లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన చూడండి. ఎముకలు గుల్లబారిన, ముట్లు ఆగిన 202 మంది స్త్రీలకు నాలుగేళ్ళు కాల్షియం ఇచ్చారు. సగం మందికి దాంతోపాటు ఫ్లోరైడు మందుగా ఇచ్చారు. తాగునీటి కంటే అది చాలా పెద్ద మోతాదే. వాళ్ళ నడుం ఎముకల సాంద్రత 35 శాతం పెరిగింది. కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు ఇంకా ఎక్కువగా విరిగాయి. చిక్కగా కనిపించే ఎముకంతా గట్టి ఎముక కాదు.

తప్పు ప్రభుత్వానిదే కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పలకరించే స్త్రీల వయసు 15 నుంచి 49. మన సంస్థల సర్వే ఫారాలూ అదే గీత గీస్తున్నాయి. పిల్లల్ని కనే వయసు దాటితే ఆడదానికి ఒళ్ళే లేదా?

లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. ప్రతి బోరు దగ్గరా దాని లెక్క తెలుగులో రాయించాలి. దాటితే వేరే నీళ్ళు రావాలి. కొనే క్యాను నీళ్ళలో ముసలమ్మ వంతెంతో మనమే అడగాలి. రేపటి మన ఫారంలో అరవయ్యేళ్ళ ఆమె పేరు మొదట రాద్దాం.