స్వచ్ఛందమా? నిర్బంధమా?

మంత్రాలయము, కోసిగి, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములవారికి వలస యనుమాట క్రొత్తది కాదు. వానలు తప్పిన యేట మన పల్లెలలో తలుపులకు తాళములు పడును. ముసలివారును, బడియీడు బిడ్డలును మిగులుదురు. తక్కినవారు సుగ్గికని గుంటూరు మిరపచేలకో, బెంగుళూరు కట్టడపు పనులకో తరలిపోవుదురు. బండి కదలు వేళ వారి నెవరైనను “మీరు స్వచ్ఛందముగా పోవుచున్నారా?” యని యడిగినచో నేమి చెప్పుదురు? తమ కాళ్లతోనే బండి యెక్కిరి. ఎవరును మెడబట్టి గెంటలేదు. అయినను దానిని స్వచ్ఛందమని పలుకుటకు మనుష్యుడైనవానికి నోరాడదు. గెంటినది ఆకలి.

ఇట్టి వలసయే యొకటి మన రాష్ట్రపు మఱియొక కొసను, విశాఖపట్టణపు సముద్రతీరమున జరిగినది. అయితే అక్కడ తరలిపోయినవారు భూమి లేని కూలీలు కారు. ఉక్కు కరగించు విద్యలో జుట్టు నెరసినవారు. 2025 సంవత్సరారంభమున రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ యాజమాన్యము “స్వచ్ఛంద పదవీ విరమణ పథకము” నొకదానిని ప్రకటించినది. కొలది నెలలలోనే వేయిమందికి పైగా ఉద్యోగులు సంతకములు చేసి వెడలిపోయిరి. అంతటితో తృప్తి కలుగలేదు కాబోలు, అదే సంవత్సరము రెండవ పర్యాయము కూడ పిలుపు వెలువడినది. వెడలినవారి సంఖ్యను పొదుపు పద్దులో వ్రాసికొనుట యాజమాన్యమునకు సులభమే. ఆ పద్దు సరియైనదా యని విచారించుట మన పని.

సమ్మతి యనుమాట న్యాయశాస్త్రమున చిన్నది కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 13వ సెక్షనులో సమ్మతి యననేమో చెప్పి, అంతటితో నూరకుండక, 14వ సెక్షనులో స్వేచ్ఛాసమ్మతి యననేమో వేరుగా చెప్పినది. బలాత్కారము, అనుచిత ప్రాబల్యము, మోసము, అసత్య నివేదనము, పొరపాటు అను నైదింటిలో నేదియు కారణము కానపుడే సమ్మతి స్వేచ్ఛాసమ్మతి యగును. విశాఖలో విరమణ పత్రములపై పడిన సంతకములన్నియు న్యాయస్థానమున చెల్లవని మేము వాదించుట లేదు. చట్టమునకు చిక్కని నిర్బంధము కూడ నొకటి కలదని మాత్రము చెప్పుచున్నాము. మనుష్యుని ఉద్యోగమునుండి తొలగింపనక్కరలేదు. ఉద్యోగము చేయుట దుర్భరము గావించిన చాలును. తక్కినది వాడే చేసికొనును.

ఆ సంతకములకు ముందు జరిగినదేమి? 2024లో ఆ కర్మాగారపు ఉద్యోగులకు నెలజీతము నెలకు రాలేదు. సగమొకసారి, మిగిలినదానిలో కొంత మఱియొకసారి, విడతలుగా వచ్చినది. జీతము విడతలుగా వచ్చునని బిడ్డ బడిరుసుమును విడతలుగా తీసికొను పాఠశాల యేది? ఇంటిఅప్పు వాయిదాను అట్లే వసూలు చేయు బ్యాంకేది? అదే సంవత్సరము సెప్టెంబరు చివర సుమారు 4,000 మంది కాంట్రాక్టు కార్మికుల గేటుపాసులు రద్దు చేయబడినవి. వారు తిరుగబడగా మరల ఇయ్యవలసివచ్చినది. 2025 మే నెలలో ఆ కార్మికులే మరల సమ్మెకు దిగవలసివచ్చినది. ఆ నవంబరులో వేతనమును ఉత్పత్తికి ముడిపెట్టు ఉత్తరువొకటి వెలువడినది. ఉత్పత్తి యెంత తగ్గునో జీతమంత తగ్గునట! ముడి ఇనుము కొనునది కార్మికుడా? ఆస్ట్రేలియానుండి బొగ్గు తెప్పించునది కార్మికుడా? సరకు లేక నిలిచిన కొలిమికి కార్మికుని జీతము జరిమానా యగుట ఏ ధర్మశాస్త్రము?

1936లో, పరప్రభుత్వము రాజ్యమేలు దినములలోనే, వేతన చెల్లింపుల చట్టము పుట్టినది. అల్పవేతనపు పనివారికి, వేయిమందికి లోపు పనిచేయుచోట 7వ దినములోగా, అంతకు మించినచోట 10వ దినములోగా వేతనము ముట్టవలెనని అది నిర్దేశించినది. తెల్లవాడు తన మిల్లు యజమానులకు విధించిన ఆ కనీసపు మర్యాద, స్వరాజ్యము వచ్చిన 77 ఏండ్లకు, ప్రజల సొమ్ముతో కట్టిన ప్రజల కర్మాగారములో కరవగుట మనమందఱము సిగ్గుపడవలసిన విషయము.

ఇది యెవరి కర్మాగారమో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. 1966 అక్టోబరులో విశాఖలో టి. అమృతరావు నిరాహారదీక్ష పూనగా ఆంధ్రదేశమంతయు కదలినది. “విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు” అను నినాదము పల్లెపల్లెకు పాకినది. కాల్పులలో 32 మంది ప్రాణము లొడ్డిరి. వారందఱును విశాఖవారు కారు. వేఱువేఱు జిల్లాలవారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధి పార్లమెంటులో ప్రకటన చేసినది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 64 గ్రామములవారు ఇల్లును పొలమును విడిచిరి. కర్మాగారము జాతికి అంకితమగుటకు 1992 రావలసివచ్చినది. ఏ సేఠు పెట్టుబడితోను ఇది లేచినది కాదు. దీని పునాదిలో మొదట పడినది రక్తము, పిదప పడినది సిమెంటు.

కార్మికుడు బద్ధకస్తుడు, అందుచే నష్టము వచ్చినది అని పలుకు పెద్దలు కలరు. వారికి చరిత్రయే సమాధానము. 1990వ దశకపు చివర ఈ సంస్థ ఖాయిలా సంస్థల జాబితా అంచున నిలిచియుండెను. 2002–03 నుండి లాభముల బాట పట్టినది. 2010లో నవరత్న యను గౌరవము పొందినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడి కర్మాగారము స్తంభించినపుడు, తమ యిండ్లు దెబ్బతిన్న కార్మికులే వచ్చి దానిని మరల నిలబెట్టిరి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘము ఈ సంస్థలోని ప్రభుత్వపు వాటాను నూటికి నూఱుపాళ్లు అమ్మివేయుటకు సూత్రప్రాయముగ సమ్మతించినది. మూడు నెలలు గడువకముందే మహమ్మారి విజృంభించి దేశమంతయు ఊపిరికై అలమటించినది. అప్పుడు ప్రాణవాయువును నింపుకొనుటకు మహారాష్ట్రమునుండి తొలి ఆక్సిజను రైలు ఎక్కడికి వచ్చినది? ఈ కర్మాగారమునకే. అమ్మకమునకు పెట్టబడిన కార్మికుడే ఆ సిలిండర్లకు వాయువు సమకూర్చినాడు.

ఇంకొక లెక్క చూడుడు. అమ్మకపు నిర్ణయము తలపై వ్రేలాడుచుండగనే 2021–22లో ఈ సంస్థ రూ. 900 కోట్లకు పైగా లాభము చూపినది. 2023–24 నాటికి రూ. 4,800 కోట్లకు పైగా నష్టము చూపినది. రెండేండ్లలో వేలాది కార్మికులు ఒక్కుమ్మడిగా సోమరులైరా? దేశములోని పెద్ద ఉక్కు సంస్థలకు సొంత ఇనుప గనులున్నవి. దీనికి లేవు. తక్కినవారు తమ పెరటిబావినీరు త్రాగుచుండగా, ఇది బిందె బిందెకు వెలయిచ్చి కొనుక్కొనుచున్నది. దానిపై అప్పుల వడ్డీ. సరకు కొనుటకు చేతిలో పైకము లేమి. ఫలితముగా నిలిచిపోయిన కొలుములు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్టు ఫర్నేసులకు ముద్దుగా పేర్లు పెట్టుకొంటిమి. 2024లో ఒక దశలో మూడింట ఒక్కటియే మండినది. వీనిలో నేది కార్మికుని చేతిలోని పని?

పోయినవారు పోయిరి, ఖర్చు తగ్గినది గదా యనువారు ఉక్కు పని యెట్టిదో యెఱుగరు. కోకు బట్టీని మన యింటి పొయ్యివలె ఆర్పి వెలిగించుటకు వీలులేదు. అది చల్లారినచో లోపలి ఇటుకలు పగిలిపోవును. రాత్రింబవళ్లు, పండుగనాడును, చావునాడును దానిని కనిపెట్టి యుండువారు కావలెను. మంట రంగును చూచి లోపలి వేడిమిని చెప్పగల కన్ను, యంత్రపు రొదలో నొక చిన్న తేడాను పసిగట్టగల చెవి పరీక్షలు వ్రాసి సంపాదించునవి కావు. ఇరువదేండ్లు కొలిమి ప్రక్కన నిలిచి సంపాదించునవి. అట్టివాడు సంతకము చేసి గేటు దాటినపుడు, పద్దులో ఒక జీతము తగ్గును. పద్దులో చోటులేని ఒక విద్య కూడ పోవును. మిగిలినవానిపై రెండు పనులు పడును. అలసినవాని చేతిలో కరగిన లోహమున్నప్పుడు ప్రమాదమెంత దూరము?

ఈ సత్యము తెలిసికొనుటకు మనము విశాఖకు పోనక్కరలేదు. ఎమ్మిగనూరుననే చూడవచ్చును. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘమును స్థాపించినపుడు ఆయన చేసిన మొదటి మేలు నేతగానికి పని చూపుట మాత్రమే కాదు. సహకార సూత్రమును బట్టి, నిన్నటివరకు షావుకారు వాకిట కూలికి నిలుచుండినవాడు సంఘములో సభ్యుడైనాడు. ఎమ్మిగనూరు దుప్పటి దేశమున పేరు గాంచుటకు నూలెంత కారణమో, ఆ సభ్యుడనను భావమంత కారణము. 1954లో సోమప్పగారికి పద్మశ్రీ వచ్చినపుడు అది ఊరంతటికిని వచ్చినట్లయ్యెను. నేడు ఆ సంఘమునకు నాటి వైభవము లేదు. మగ్గము విడిచి మేస్త్రీపనికి పోయినవాడు మరల మగ్గమెక్కుట అరుదని మన యూరివారికి తెలియును. చేతిలోని విద్య ఒక తరములో జారిపోవును. మరల చేత చిక్కుటకు మూడు తరములు పట్టును.

ప్రభుత్వ పక్షము వారొక మాట చెప్పుదురు. 2025 జనవరి 17న రూ. 11,440 కోట్ల సాయము ప్రకటించితిమి, ఇంకేమి కావలెనని. సాయము సాయమే, దానిని మేము తక్కువచేయము. కాని యిల్లు చక్కబెట్టుటకని ధనమిచ్చి, ఆ యింటి బిడ్డలనే వాకిలి దాటింపుమను షరతువలె దానిని నడపుట ఏమి ఔదార్యము? తక్కిన పక్షము వారి దోషములను కూడ మేము దాచము. కార్మిక సంఘములు జెండాకొకటిగా చీలి, ఉమ్మడి గొంతును బలహీనపఱచుకొనినవి. పనికి రాక జీతము గోరువారు అన్ని సంస్థలలో వలెనే యక్కడను ఉండవచ్చును. అట్టివారిని విచారించి శిక్షింపుడు, ఎవరడ్డము? పదిమంది తప్పునకు పదివేలమంది పొట్టగొట్టుట పరిపాలన కాదు, చేతకానితనము.

1921లో చీరాల-పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నుల భారమును సహింపక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, రామనగరమున పాకలు వేసికొని సుమారు 11 నెలలు గడపిరి. ఆనాటి దొరలకు ఊరు ఖాళీయైనందున ఖర్చు తగ్గినదని సంతోషింపవలెనని తోచలేదు. పాలింపబడువారు విడిచిపోవుట పాలకునిపై తీర్పు అని వారికిని తెలియును. ఆ పాటి తెలివి మన సంస్థాధిపతులకు లేకపోవుట విచిత్రము.

మేము కోరునది ఆకాశకుసుమము కాదు. పూర్తి వేతనము గడువునాటికి ముట్టవలెను. ఉత్పత్తితో ముడిపెట్టు ఉత్తరువు తొలగవలెను. సొంత గనులు కేటాయింపవలెను. వెడలిపోయిన విద్యావంతుల స్థానమున యువకులను చేర్చి, ఉన్న పెద్దలు పోకముందే పని నేర్పవలెను. పాలకవర్గములో కార్మికుని మాట వినబడుటకు చోటుండవలెను. 2021 జనవరి 27 నాటి అమ్మకపు నిర్ణయమును నోటిమాటల హామీలతో గాక, వ్రాతపూర్వకముగ రద్దుచేయవలెను.

ఇది కోస్తావారి గొడవ, మనకేల యని రాయలసీమలో నెవరైనను తలచినచో వారికొక్క మాట. 2014 విభజన చట్టపు 13వ షెడ్యూలులో కడప ఉక్కు కర్మాగారపు సాధ్యాసాధ్యములు పరిశీలింపుమని వ్రాసినారు. ఆ వ్రాతను చేతబట్టుకొని సీమవారు ఏండ్ల తరబడి తిరిగిరి. ఉన్న ఉక్కును నిలుపుకొనలేని జాతికి లేని ఉక్కు నెవరిత్తురు? కావున ఆదోని పఠనమందిరమున ఈ పత్రికను చదువు సోదరులు చదివి మడిచి పెట్టక, సభ చేసి తీర్మానము వ్రాసి, తమ పార్లమెంటు సభ్యుని చేతికీయవలెను. ఓటడుగ వచ్చినవారిని, “విశాఖలో సంతకము చేసి వెడలినవాడు స్వచ్ఛందముగా పోయెనా?” యని ముఖముపై నడుగవలెను. జవాబు చెప్పలేనివాడు మన సుగ్గిబండ్ల వెనుకనున్న యాకలిని గూర్చియు మాటాడుటకు అర్హుడు కాడు.