ముత్లా గట్టుకు పోదామా?

అమెరికాలో పిల్లలున్న మన కుటుంబాలవారు సెలవుల నుంచి తిరిగొస్తే మాన్యుమెంట్ వ్యాలీ ఫొటోలు చూపించక మానరు. ఎర్రని ఇసుకరాతి బురుజులు, చుట్టూ ఎడారి. అది నవాహో తెగవారి సొంత నేల. 17 మైళ్ల మట్టిదారి వదిలి లోపలికి పోవాలంటే వారి మనిషి వెంట ఉండాల్సిందే. చూసి మురిసిపోతాం సరే, మన గుమ్మం ముందున్న ఎడారి మాటేమిటి? అబ్బాసియాలోనో సాల్మియాలోనో ఇరవై ఏళ్లుండి జహ్రా దాటనివారు మనలో ఎందరో!

ఈ దీపావళి వెళ్లాక ఒక శుక్రవారం ముత్లా గట్టు చూసి వద్దాం. జహ్రా దాటాక బస్రా వైపు పోయే 80వ నంబరు రోడ్డు ఎక్కేది ఆ గట్టునే. జాల్ అజ్జోర్ అని పేరు. కువైట్ బే ఉత్తరపు ఒడ్డున దాదాపు 60 కిలోమీటర్లు సాగుతుంది. ఎత్తు సుమారు 145 మీటర్లు. హార్సిలీ కొండ ఎక్కినవారికి నవ్వు రావచ్చు. కానీ బల్లపరుపు నేల మీద ఆ మాత్రం ఎత్తు చాలు, బే నీళ్లన్నీ కాళ్లకిందే ఉన్నట్టుంటాయి.

అక్టోబరులో ఎండ ఇంకా మాడుస్తుంది. నవంబరు నడుమ హాయి. అయితే అప్పుడు సాయంత్రం అయిదుకే పొద్దుగుంకుతుంది కాబట్టి భోజనాలు కట్టుకుని మధ్యాహ్నమే బయలుదేరాలి. పులిహోర, పెరుగన్నం మేలు. మాంసం కాల్చే సంబరం మరోసారి. గుడారం వేసి రాత్రి ఉండాలనుకునేవారికి బలదియా అనుమతి కావాలి. ఆ సీజన్ మామూలుగా నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా. రాత్రి ఉన్నవారికి ఒక లాభం. అరబ్బులు సుహైల్ అనే చుక్క మన అగస్త్య నక్షత్రమే. అర్ధరాత్రి దాటాక దక్షిణాన పైకొస్తుంది. ఇక్కడ చేయి చాచి పట్టిన పిడికిలంత ఎత్తు కూడా లేవదు. కడపలో అయితే రెండు పిడికిళ్లు దాటుతుంది.

ఇక తల్లిదండ్రులు గట్టిగా పట్టించుకోవలసిన సంగతి. 1991 ఫిబ్రవరిలో వెనక్కి పారిపోతున్న ఇరాకీ సేనల వాహనాలపై బాంబులు కురిసింది ఈ గట్టు దగ్గరే. అప్పటి మందుపాతరలు, పేలని గుండ్లు చాలావరకు ఏరేశారు గాని అన్నీ కాదు. వానలకు ఇసుక కదిలితే పాతవి పైకి తేలతాయి. కాబట్టి కారు తారురోడ్డు దిగి, చక్రాల జాడలు లేని చోటికి పోకూడదు. తుప్పుపట్టిన ఇనుపముక్క ఎంత ముద్దుగా ఉన్నా పిల్లలు ముట్టకూడదు. కనిపిస్తే దూరం జరిగి 112కు ఫోన్ చేయండి. బయలుదేరే ముందే పిల్లలకు రెండుసార్లు చెప్పండి. అక్కడికెళ్లాక వినరు.

దారిలో గొర్రెల మందలు, ఒంటెలు తగలొచ్చు. కాసేవారిలో రాయచోటి, రాజంపేట వైపు మనవాళ్లూ ఉంటారు. నెలల తరబడి తెలుగు మాట వినని మనిషికి ఓ సీసా ఆవకాయ, నాలుగు పాత వారపత్రికలు, ఫోన్‌కు కాస్త చార్జింగ్ ఎంత పెద్ద సాయమో! తలా ఒక సంచీ కట్టుకుందాం. వారిని నిలబెట్టి ఫొటోలు మాత్రం తీయొద్దు. యజమాని అక్కడుంటే ముందు ఆయనకు సలాం చెప్పి అడగండి. ఆయన సరేనన్నాకే ఊరి కబుర్లు.