వ్యాయామశాలకు కావలసినది ఏటి చందాయా, హాజరుపట్టీయా?

మన సంఘభవనమునందలి వ్యాయామశాలకు రాబోవు ఏటినుండి నెలచందాకు బదులు సంవత్సరపు చందాను ముందుగా ఒక్కమొత్తముగా వసూలు చేయవలెనని ఒక సూచన కార్యవర్గము ముందుకు వచ్చియున్నది. సర్వసభ్య సమావేశమున అది చర్చకు రానున్నది. సూచన చేసినవారు నాకు మిత్రులు, సంఘమునకు చిరకాలము సేవచేసినవారు. వారి వాదము సూటిగానే ఉన్నది. చేరినవారిలో పెక్కుమంది రెండు మూడు నెలలకే మానివేయుచున్నారు. ముందుగా సొమ్ము కట్టించుకొన్నచో, కట్టినది వృథాపోవునను భయముచేతనైనను వత్తురు. రాకపోయినను సంఘమునకు నష్టము లేదు. ఈ చివరి మాటయందే నాకు అభ్యంతరము. సభ్యుడు రాకున్నను నష్టము లేదని సంఘము తలచిన దినముననే ఆ శాల అంగడియైపోవును. అంగడి నడుపవలెనన్న కోరిక తీర్చుకొనుటకు మనకు సంఘము అక్కరలేదు; మనలో చాలమందికి అంగళ్ళు ఉండనే ఉన్నవి.

ఊరిలో జిమ్ములకు కొదువ లేదు. గాంధీనగరము, సత్యనారాయణపేట, కౌల్ బజారు, ఎటు పోయినను అద్దాల గోడలు, రంగుదీపములు, కండలు తిరిగిన యువకుని నిలువెత్తు బొమ్మ కనబడుచున్నవి. కరోనా కాలమున 2020 మార్చిలో మూతబడిన ఈ శాలలను ఆ యేడు ఆగస్టు 5వ తేదీవరకు తెరవనీయలేదు. ఆ దెబ్బనుండి తేరుకొన్న పిమ్మట చేరువారి సంఖ్య పెరుగుచునే ఉన్నది. 2025 సెప్టెంబరు 22నుండి జిమ్ము చందామీది జీఎస్టీ 18 శాతమునుండి 5 శాతమునకు తగ్గినది. అనగా వెయ్యి రూపాయల చందామీద 180 రూపాయల పన్ను 50కి దిగినది. అయితే యజమాని తాను కొన్న యంత్రములమీదను, కట్టు అద్దెమీదను చెల్లించిన పన్నును సర్దుబాటు చేసికొను హక్కు ఆ తగ్గింపుతోనే పోయినది. ఏడాదికి 20 లక్షల రూపాయల రాబడి దాటని చిన్న శాల అసలు జీఎస్టీలో నమోదు కానక్కరలేదు గనుక, దాని సభ్యునికి ఈ మార్పువలన ఒరిగినది లేదు. వర్తకుడనగుటచే ఈ లెక్కలు కొంత విస్తరించితిని. కాని చెప్పవచ్చినది వేరు. పన్ను తగ్గినచో చేరువారు పెరుగవచ్చును. నిలుచువారు పెరుగుదురని నేను నమ్మను. చేరుటకు అడ్డము వచ్చునది ధర కావచ్చును గాని, మానుటకు కారణము చాలవరకు ధర కాదు.

మన బళ్ళారిలో మానువారి క్రమము పంచాంగమువలె ముందుగా చెప్పదగినది. సంక్రాంతికి ఉత్సాహముతో చేరుదురు. పరీక్షలు దగ్గరపడగానే విద్యార్థులు తప్పుకొందురు. ఉగాది దాటి ఎండ ముదిరినంతనే తక్కినవారు పలుచబడుదురు; నలువది డిగ్రీలు దాటిన దినమున రేకుల కప్పు క్రింద ఇనుము ఎత్తుమన్న ఎవరెత్తుదురు? పిమ్మట పెండ్లిండ్లు. మిరప, ప్రత్తి వ్యాపారము చేయువారికి సరుకు దిగు కాలమున అంగడిలోనే భోజనము, అంగడిలోనే నిద్ర. వీరెవ్వరును సోమరులు కారు. ఒకసారి మానినవాడు మరల రాకపోవుటకు కారణము సిగ్గు. "ఇన్ని దినాలు పోలేదు, ఇప్పుడు ఏ మొగము పెట్టుకొని పోవాల?" అని ఒక యువకుడు నాతోనే అనెను. సిగ్గుపడువానిని పిలువవలసిన పని శాలది. వీధిలోని పెద్ద జిమ్ము ఆ పని చేయదు, ఏలయన చేయవలసిన అవసరము దానికి లేదు.

ఏల లేదో అమెరికాదేశమున స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అను ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కకట్టి చూపిరి. వారి వ్యాసము 2006లో వెలువడినది. మూడు వ్యాయామశాలలలోని 7,752 మంది సభ్యుల రాకపోకలను మూడేండ్లపాటు పరిశీలించిరి. నెలకు 70 డాలర్లకు పైగా చందా కట్టువారు సగటున నెలకు 4.3 సార్లు మాత్రమే వచ్చుచుండిరట. అనగా వచ్చినసారికి 17 డాలర్లకు పైగా పడినట్లు. పది రాకలకు టిక్కెట్టు కొన్నచో రాకకు 10 డాలర్లతో పోవును! నేను రావుదును, తప్పక రావుదును అని తన్ను తాను నమ్మి మనుష్యుడు అధికముగా చెల్లించుచున్నాడన్నమాట. మరియొక విశేషము: చివరిసారి శాలకు వచ్చిన దినమునకును సభ్యత్వము రద్దుచేసికొన్న దినమునకును నడుమ సగటున రెండు నెలలకు పైగా గడచుచున్నది. ఆ రెండు నెలలును యజమానికి ఖర్చులేని రాబడి. మన దేశమునను ఇప్పుడు నెలనెలా ఖాతానుండి తనంతట తానే సొమ్ము లాగుకొను యూపీఐ ఏర్పాటు వచ్చినది గనుక ఈ ముచ్చట మనకు దూరము కాదు.

ఇచ్చట ఏటి చందావారు ఒక ప్రశ్న వేయవచ్చును. ఆ పరిశీలనలోనే నెలచందావారు ఏడాది దాటి పట్టీలో ఎక్కువగా నిలిచిరి గదా, అది నెలచందా గొప్ప కాదా, లేక సోమరితనమా? నిజమే, ఏటి ఒప్పందము చేసికొన్నవారికన్న నెలచందావారు ఏడాది మించి కొనసాగుట 17 శాతము అధికముగా కనబడినది. కాని అందులో కొంత, రద్దుచేయుటకు బద్ధకించి సొమ్ము పోగొట్టుకొన్నవారి సంఖ్య. కనుక నెలచందా దానంతట అది మందు కాదు. పట్టీలో పేరు ఉండుట వేరు, చెప్పులు విడిచి లోనికి వచ్చుట వేరు. నెలచందాతోపాటు హాజరుపట్టీ ఉండవలెననియు, దానిని ప్రతివారము ఒకరు చదువవలెననియు నా వాదము.

ఇది క్రొత్త సంగతి కాదు. మన తాతల గరిడీలో చందా పుస్తకము లేదు, వస్తాదు ఉండెను. దండీలు, బస్కీలు, కర్లసాము, ఎవడు ఎన్ని తీసినాడో వస్తాదుకు కంఠతా వచ్చును. రెండు దినములు రానివాని ఇంటిముందు మూడవ దినము వస్తాదు నిలుచును. బెంగుళూరున కె.వి. అయ్యరు గారు తమ వ్యాయామశాలలో నేర్పుటయేగాక దూరదేశములవారికి తపాలాద్వారా పాఠములు పంపుచుండిరి. ఎన్నడును చూడని శిష్యునికి సైతము తనకొక గురువున్నాడను తలంపు కలుగుటలోనే సగము బలము. నేడు మన జిల్లాలోనే తోరణగల్లు చెంత 2018లో నెలకొల్పిన ఇన్‌స్పైర్ క్రీడాసంస్థ ఉన్నది. అది ఒలింపిక్ పోటీలకు పోవువారిని తయారుచేయు చోటు. మనకు పోలిక లేదు. కాని అట్టి చోట ఒక క్రీడాకారుడు ఉదయము రాకున్న, మధ్యాహ్నమువరకు ఎవ్వరికిని తెలియకుండునా?

అంతకన్న దగ్గరి ఉదాహరణము మన నాటకసమాజములది. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు, కోలాచలము శ్రీనివాసరావు గారు, పిదప బళ్ళారి రాఘవ గారు, ముగ్గురును న్యాయవాదులు. పగలు కోర్టు, రాత్రి నాటకము. సరసవినోదినీ సభ, సుమనోరమ సభ ఈ ఊరిలో నడచినది జీతగాండ్రతో కాదు. నాటకాభ్యాసమునకు ఒక పాత్రధారి రానిచో ఆ రంగము సాగదు. సాగకున్న తక్కినవారు ఊరుకొనరు. అతడు లేని లోటు అందరికిని తెలియును. ట్రెడ్‌మిల్లుమీద మనిషి రానిచో ట్రెడ్‌మిల్లుకు లోటు లేదు, ప్రక్కవానికి సంతోషము! జిమ్ములు సభ్యులను నిలుపలేకపోవుటకు మూలము ఇదియే యని నా అభిప్రాయము.

మరి ఎంతకాలము వెన్నంటి ఉండవలెను? లండను యూనివర్సిటీ కాలేజీవారు 96 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన ఫలితమొకటి ఇచ్చట పనికివచ్చును. క్రొత్త పని ఒకటి తలపోయకయే జరుగు అలవాటుగా మారుటకు కొందరికి 18 దినములే పట్టినది, కొందరికి 254 దినములవరకు పట్టవచ్చునని తేలినది. నడిమి సంఖ్య 66. సంక్రాంతినాడు చేరినవానికి 66 దినములనగా సరిగా ఉగాది ప్రాంతము. అలవాటు వేరూనుటకును ఎండలు వచ్చుటకును ఒక్కటే ముహూర్తము! కనుక క్రొత్త సభ్యులను చేర్చుకొను ఉత్సవము జనవరిలో చేయుట తప్పు. తొలకరి పడిన పిమ్మట, ఆషాఢమున, పెండ్లిండ్లు లేని వేళ చేయవలెను. ఆ పరిశీలనలోనే మరియొక మంచిమాట ఉన్నది. ఒక్కదినము తప్పినంతమాత్రమున అలవాటు చెడదట. మన శిక్షకుడు ఒక్కదినము రానివానిని నలుగురిలో ఎగతాళి చేయుట ఇకనైనను మానవలెను.

భయపడి మానినవారి సంగతి కూడ చెప్పవలెను. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ గారు నలుబదియారేండ్ల వయస్సున గుండెపోటుతో మరణించినప్పుడు రాష్ట్రమంతయు దుఃఖించినది. మన ఇండ్లలోను కంటతడి పెట్టనివారు లేరు. వ్యాయామముచేతనే పోయెనని పుకారు లేచి పలువురు తల్లులు కుమారులను జిమ్ముకు పోనీయలేదు. నలుబదేండ్లు దాటినవారు, ఇంట గుండెజబ్బు, చక్కెరవ్యాధి ఉన్నవారు వైద్యునికి చూపించుకొని చేరుట న్యాయము. అంతటితో ఇంట కూర్చుండుట న్యాయము కాదు. ఐసీఎంఆర్ పరిశీలనము 2023లో ప్రకటించిన ప్రకారము దేశమున చక్కెరవ్యాధిగ్రస్తులు పది కోట్లకు పైబడియున్నారు. గద్దెమీద కూర్చుండి వ్యాపారము చేయు కుటుంబములు ఆ లెక్కకు బయట ఉండునని ఎవరనగలరు?

స్త్రీల విషయమున మనము ఇంకను వెనుకబడియున్నాము. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రకటించిన అంచనా ప్రకారము 2022లో మన దేశపు పెద్దవారిలో చాలినంత శరీరశ్రమ లేనివారు పురుషులలో నూటికి 42, స్త్రీలలో నూటికి 57. ఇంటిపనియే వ్యాయామము గదా అనువారు ఈ లెక్కను చదువవలెను. 2000లో సిడ్నీయందు బరువులెత్తి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ మన తెలుగు ఆడబిడ్డ, శ్రీకాకుళము జిల్లా కరణం మల్లేశ్వరి. ఆమె చిత్రము మన శాలలో గోడమీద ఉన్నది. ఆ గోడక్రింద ఆడవారికి వేళ లేదు! ఉదయము ఐదునుండి ఎనిమిదివరకు, సాయంకాలము ఆరునుండి తొమ్మిదివరకు, అనగా వంటయింట పొయ్యి మండు వేళలన్నియు తెరచి, ఇంటిపని తీరిన పదిన్నరకు తాళము వేయుచున్నాము. ఆపైన చేరిన నలుగురు మానివేసిరని ఆశ్చర్యపడుట! పదిన్నరనుండి పండ్రెండువరకు స్త్రీలకు విడిచి, వీధి కిటికీకి తెర కట్టించినచో నలుగురు నలువదిమంది కాగలరు. వృద్ధులకును ఆ వేళయే అనుకూలము కావచ్చును గాని, అది వేరు దినములలో. అరువదియైదు దాటినవారు వారమునకు మూడు దినములైనను తూలిపడకుండ నిలుకడనిచ్చు కసరత్తు చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. అందుకు కుర్చీ, గోడ చాలును, యంత్రము అక్కరలేదు.

కోశాధికారి గారు యంత్రముల మరమ్మతునకు సొమ్మెక్కడిదని అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. పాడైన యంత్రములలో సగము మరల బాగుచేయింపనక్కరలేదని నా సమాధానము. బళ్ళారిలో ట్రెడ్‌మిల్లుకన్న ముందు కొనవలసినది పంకా. నడువదలచినవారికి కోటగుట్ట ఉన్నది, ఉచితము. ఏప్రిల్, మే నెలలలో సగము చందా తీసికొని, శాలను తెల్లవారుజామున నాలుగున్నరకే తెరవవచ్చును. పెండ్లి, పురుడు, తీర్థయాత్ర, సరుకు దిగు కాలము అని ముందుగా చెప్పినవారికి ఆ నెల చందా నిలిపియుంచవచ్చును. ఇట్లు చేసినచో రాబడి కొంత తగ్గును. కాని మానినవాని స్థానమున క్రొత్తవానిని వెదకుటకు కరపత్రములకును, గోడప్రకటనలకును వెచ్చించు సొమ్ము మిగులును.

అన్నిటికన్న ముఖ్యమైనది ఎనిమిదవదినపు పలకరింపు. ఏడు దినములు వరుసగా రానివానికి ఎనిమిదవ దినమున ఒకరు ఫోను చేయవలెను. వాట్సాపు సందేశము కాదు, గొంతు వినబడవలెను; చందా మాట ఎత్తరాదు. మన అంగడికి నెలనెలా వచ్చు ఖాతాదారు రెండు వారములు కనబడనిచో మనమేమందుము? "ఏం మామా, అగపడ్లేదే, ఊళ్ళో లేవా?" అందుము. అతడు ఏమి చెప్పినను మరునాడు వచ్చును. ఆ మాట చెప్పుటకు సంఘమునకు ఖర్చేమున్నది? కన్నడము, ఉరుదూ మాటలాడు పొరుగు పిల్లలును మన శాలకు వచ్చుచున్నారు. వారిని వారి భాషలో పలకరింపగలవారికి మన యిండ్లలో కొదువ లేదు.

ఈ పనికి పురుషుల వేళకు ఇద్దరు యువకులు తమ పేర్లు ఇచ్చియున్నారు, హాజరుపట్టీ చదువుటకు ఒప్పుకొన్నారు. స్త్రీల వేళకు ఇంకను ఎవ్వరును ముందుకు రాలేదు. సమావేశమునకు వచ్చు సభ్యులు తమ ఇంటి ఆడవారిని వెంటబెట్టుకొని రావలెనని, చందా ప్రశ్నకు ముందే ఆ పేర్లు తేల్చవలెనని కోరుచున్నాను.