హద్దు దాటిన బంతి ఎవరిది?

మన పాఠశాలల బాస్కెట్‌బాల్ ఆటలలో తగవులు ఎక్కువగా పుట్టునది బుట్టవద్ద కాదు, హద్దుగీతవద్ద. బంతి బయటికి పోయినతోడనే ఇరుపక్షములవారును చేతులెత్తి "మాది, మాది" అని కేకలు వేయుదురు. ఎవరి కేక పెద్దదైన వారికే బంతి నిచ్చు రిఫరీలను చూచితిని. నేనును ఒకనాడు అట్లే చేసితిని గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందు గీత సంగతి. వాలీబాల్‌కు అలవాటుపడిన పిల్లలు గీతమీద పడిన బంతి లోపలిదే యనుకొందురు. ఆ ఆటలో అది నిజమే. బాస్కెట్‌బాల్‌లో మాత్రము గీత బయటి నేలతోనే జమ. బంతి పట్టినవాని మడమ గీతను తాకినచో చాలును, బంతి పోయినట్లే. కాని గీతకు ఆవల గాలిలో నున్న బంతి ఇంకను పోలేదు. లోపలినుండి ఎగిరిన ఆటగాడు తన పాదము నేల తాకకముందే దానిని లోనికి విసరవచ్చును. ఇది చూచి తల్లిదండ్రులు "బయటికి పోయినది గదా!" అని లేచి నిలుచుట కద్దు. పాపము, వారి తప్పు కాదు.

బయటికి పోయిన బంతి కడపట ఎవరిని తాకినదో వారి ఎదుటిపక్షమునకు చెందును. ఎవరు కొట్టిరన్నది లెక్కకు రాదు. ఎదుటివాడు కావలెనని నా మోకాలికి బంతిని కొట్టి బయటికి పంపినను తప్పు నా మోకాలిదే. నైస్మిత్ 1891లో ఈ ఆటను కల్పించిన క్రొత్తలో, బయటికి పోయిన బంతిని ముందుగా తాకినవారే లోనికి విసరెడివారు. దానికై పరుగులు, త్రోపులాటలు సామాన్యమయ్యెను. కడపటి స్పర్శ నియమము తరువాత వచ్చినదే.

ఇక నా తప్పు. ఆనాడు బంతి ఇద్దరి చేతుల నడుమనుండి జారి పోయినది. నేను సరిగా చూడలేదు. ఒకవైపువారు కన్నడములోను, ఇంగ్లీషులోను గట్టిగా వాదించిరి. రెండవవైపు బాలుడు అనంతపురము ప్రాంతమునుండి బెంగుళూరికి క్రొత్తగా వచ్చినవాడు. తన వ్రేళ్లు చూపి, తల అడ్డముగా త్రిప్పి ఊరకున్నాడు. తెలుగులో అడుగవచ్చును గాని, తెలుగువాడు తెలుగువానికి ఇచ్చెనందురేమో యని జంకితిని. అరచినవారికి బంతి నిచ్చితిని.

నిజమునకు ఏ బాలునిగాని, ఏ భాషలోగాని అడుగ నవసరమే లేదు. ఎవరు తాకిరో రిఫరీలకు సందేహమైనప్పుడు, లేక వారిలో వారికి ఏకీభావము లేనప్పుడు, వంతు ప్రకారము బంతి నియ్యవలెనని నియమమే చెప్పుచున్నది. ఆరంభమున ఎగురవేసిన బంతి దక్కనివారిది మొదటి వంతు, పిదప మారుచుండును. "నేను చూడలేదు" అనుటకు రిఫరీ సిగ్గుపడుట ఏల?

ఒక్క బంతికి ఇంత చర్చయా అందురేమో. 2017 జూలైలో మన నగరమున శ్రీ కంఠీరవ స్టేడియములో, ఆసియా మహిళల కప్ రెండవ శ్రేణి తుదిపోటీయందు, భారతజట్టు కజకస్థాన్‌ను గెలిచినది 75-73తో. తేడా ఒక్క బుట్ట!

ఇప్పుడు నేను ఈల పట్టిన ఆటలలో లెక్కలు వ్రాయు బల్లమీద బాణ మొకటి పెట్టించుచున్నాను. పాత నోటుపుస్తకపు అట్టను కత్తిరించి చేసినదే.